మీల్ మేకర్ తింటే కడుపు ఉబ్బరం ఎందుకు? రోజూ తినొచ్చా? థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు ఏం చేయాలి? పూర్తి వివరాలివే..

సూర్యాపేటలో ఫంక్షన్‌కి వెళ్లినా, కోదాడ దగ్గర హైవే దాబాలో బండి ఆపినా, మిర్యాలగూడలో సాయంత్రం పూట కర్రీ పాయింట్ ముందు నిలబడినా.. ఓ కూర తరచుగా కనిపిస్తుంది. అదే మీల్ మేకర్. బగారా అన్నంలోకి మీల్ మేకర్ కుర్మా, హాస్టల్‌లో మీల్ మేకర్ టమాటా, ఫాస్ట్‌ఫుడ్ బండి మీద మీల్ మేకర్ మంచూరియా. కార్తీక మాసం వచ్చినా, అయ్యప్ప మాల వేసుకున్నా నీసు తినేవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఇదే. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు తెలంగాణ అధికారులు సరిహద్దుల్లోనే కోళ్ల లారీలను ఆపేశారు. కోదాడ దగ్గరి రామాపురం క్రాస్‌రోడ్డు చెక్‌పోస్టు కూడా అప్పుడు వార్తల్లో నిలిచింది. చికెన్ పక్కన పెట్టిన అలాంటి రోజుల్లో తక్కువ ఖర్చులో ప్రోటీన్ ఇచ్చేది మీల్ మేకరే.

కానీ దీని మీద అనుమానాలు కూడా చాలానే ఉన్నాయి. 'తింటే గ్యాస్ పడుతుంది', 'థైరాయిడ్ వస్తుంది', 'మగవాళ్లు తినకూడదట'.. ఇలాంటి మెసేజ్‌లు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి. మరి ఇందులో నిజమెంత? ఎంత తినాలి? ఎలా వండాలి? ఎవరు జాగ్రత్తగా ఉండాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా ముఖ్యమైన విషయాలు

• ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వారంలో రెండు మూడు సార్లు మీల్ మేకర్ తినొచ్చు. మితంగా అయితే రోజూ తిన్నా ఇబ్బంది లేదు.
• ఒక మనిషికి ఒక పూటకు 25 నుంచి 30 గ్రాములు సరిపోతుంది. ఇది నానబెట్టక ముందు, పొడిగా ఉన్నప్పటి బరువు.
• చాలామందికి గ్యాస్ పట్టడానికి కారణం సరిగ్గా ఉడికించి, పిండి, కడగకపోవడం, లేదంటే ఒక్కసారే ఎక్కువ తినడం.
• థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ, సోయాకూ మధ్య కనీసం 4 గంటల తేడా పాటించాలి.
• కిడ్నీ జబ్బు, కిడ్నీలో రాళ్లు, సోయా అలర్జీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా తినొద్దు.

అసలు మీల్ మేకర్ అంటే ఏంటి?

వనస్పతిని డాల్డా అన్నట్టే, 'మీల్ మేకర్' అనేది కూడా ఒక బ్రాండ్ పేరే. వాడుకలో ఆ వస్తువుకే పేరైపోయింది. మిగతా రాష్ట్రాల్లో సోయా చంక్స్, సోయా బడీ అంటారు.

ఇది చెట్టుకు కాసేది కాదు, ఫ్యాక్టరీలో తయారయ్యేది. ముందు సోయా గింజల నుంచి నూనె తీసేస్తారు. నూనె పోగా మిగిలిన పిండిలో సగం వరకు ప్రోటీనే ఉంటుంది. ఆ పిండిని నీటితో కలిపి, బాగా వేడి, ఒత్తిడి ఉన్న మెషీన్‌లో నుంచి బయటకు నెడతారు. అలా బయటకు రాగానే అది ఉబ్బి, స్పాంజిలా మారుతుంది. మాంసం ముక్కలా పీచుపీచుగా అనిపించడానికి కారణం ఇదే. ఈ పద్ధతిని 1960ల్లో అమెరికాకు చెందిన ఆర్చర్ డేనియల్స్ మిడ్‌ల్యాండ్ కంపెనీ అభివృద్ధి చేసింది.

మన వైపు సోయా సాగు పెద్దగా కనిపించదు. సాగర్ ఎడమ కాల్వ కింద ఉన్నదంతా వరే. తెలంగాణలో సోయా ఎక్కువగా ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, సంగారెడ్డి జిల్లాల్లో పండుతుంది. దేశం మొత్తంలో చూస్తే మధ్యప్రదేశ్, మహారాష్ట్ర ముందుంటాయి.

అన్నం ఎక్కువ తినే మనకు ఇది ఎందుకు అవసరం?

మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. ఈ ప్రాంతంలో ప్లేట్‌లో అన్నం కొండంత, కూర గోరంత. పొద్దున అన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నమే. అన్నంతో కడుపు నిండుతుంది కానీ శరీరానికి కావాల్సిన ప్రోటీన్ పూర్తిగా అందదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్, 2024 మే నెలలో భారతీయుల కోసం 17 ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. మనం తినే తిండిలో 50 నుంచి 70 శాతం శక్తి ఒక్క ధాన్యాల నుంచే వస్తోందని అందులో చెప్పింది. పప్పులు, గుడ్లు, మాంసం, చేపలు అన్నీ కలిపినా 6 నుంచి 9 శాతమే. ఇది 14 శాతం ఉండాలన్నది ఎన్ఐఎన్ సూచన.

ఐసీఎంఆర్ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు ఒక్కో కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాములు. మరి ఎందులో ఎంత ఉంటుందో చూడండి.. (సుమారుగా)

• పావు కిలో బియ్యం: 20 గ్రాములు
• 50 గ్రాముల కందిపప్పు: 11 గ్రాములు
• ఒక కోడిగుడ్డు: 6 గ్రాములు
• 30 గ్రాముల పొడి మీల్ మేకర్: 15 గ్రాములు

ఇక్కడ ఇంకో విషయం ఉంది. ప్రోటీన్ ఎంత అన్నదే కాదు, ఎలాంటిదన్నదీ ముఖ్యం. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. సోయాలో అది పుష్కలం. సోయాలో కాస్త తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. కాబట్టి అన్నం, మీల్ మేకర్ కూర కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. మొక్కల నుంచి వచ్చే ప్రోటీన్లలో నాణ్యతలో పాలకు, గుడ్డుకు దగ్గరగా వచ్చేవి కొన్నే. వాటిలో సోయా ఒకటి.

'100 గ్రాముల్లో 52 గ్రాముల ప్రోటీన్'.. ఈ లెక్క నిజమేనా?

నిజమే, కానీ అది పొడి ముక్కల లెక్క. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. నీళ్లలో ఉడికించాక మీల్ మేకర్ బరువు దాదాపు మూడింతలు అవుతుంది. అంటే పిండి పెట్టుకున్న 100 గ్రాముల ముక్కల్లో ఉండేది 15 నుంచి 20 గ్రాముల ప్రోటీన్ మాత్రమే. కర్రీ పాయింట్‌లో తెచ్చుకున్న కప్పు కూరలో గ్రేవీ పోను ముక్కలు ఇంకా తక్కువే ఉంటాయి. జిమ్‌కి వెళ్లే యువత ప్రోటీన్ లెక్క వేసుకునేటప్పుడు పొడిగా ఉన్నప్పుడే తూకం వేయడం మంచిది.

గ్యాస్, ఉబ్బరం ఎందుకు వస్తాయి?

సోయాలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వీటిని అరిగించే ఎంజైమ్ మన చిన్న పేగులో లేదు. దాంతో అవి అరగకుండానే పెద్ద పేగుకు చేరతాయి. అక్కడున్న బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది. అప్పుడు హైడ్రోజన్, కార్బన్ డై ఆక్సైడ్ లాంటి వాయువులు తయారవుతాయి. కడుపు ఉబ్బడం, గడబిడ, గ్యాస్ పోవడం.. అన్నీ దీనివల్లే. శనగలు, రాజ్మా, బొబ్బర్లు తిన్నప్పుడు జరిగేదీ ఇదే. ఇది జబ్బు కాదు.

పైగా ఇందులో ఓ మంచి కూడా ఉంది. ఈ చక్కెరలే పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియాకు ఆహారం. అలవాటు లేనివాళ్లు కొద్దికొద్దిగా మొదలుపెడితే కొన్ని వారాల్లో చాలామందికి ఇబ్బంది తగ్గిపోతుంది. ఒక్కరోజే పెద్ద గిన్నె నిండా తింటే మాత్రం రాత్రంతా అవస్థే.

మలబద్ధకం సంగతేంటి? 100 గ్రాముల పొడి మీల్ మేకర్‌లో సుమారు 13 గ్రాముల పీచు ఉంటుంది. అంటే ఒక పూటకు తినే 30 గ్రాముల్లో దాదాపు 4 గ్రాములు. ఇది మలబద్ధకం తగ్గడానికి సాయపడుతుంది. అయితే నీళ్లు సరిగ్గా తాగకపోతే ఇదే పీచు ఉల్టా పనిచేసి కడుపు బిగదీస్తుంది. ఎండాకాలంలో పొలం పనికి, మిల్లు పనికి వెళ్లేవాళ్లు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

పచ్చి సోయా గింజల్లో ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే ట్రిప్సిన్ ఇన్హిబిటర్లు ఉంటాయి. వేడికి ఇవి చాలావరకు పనిచేయకుండా పోతాయి. మీల్ మేకర్ తయారీలోనే వేడి తగులుతుంది. ఇంట్లో మళ్లీ ఉడికిస్తాం కాబట్టి భయం అక్కర్లేదు. సోయా గింజలు తెచ్చి ఇంట్లో వాడేవాళ్లు మాత్రం రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికించాకే తినాలి.

గ్యాస్ పట్టకుండా ఎలా వండాలి?

1. నీళ్లు మరిగించి, కాస్త ఉప్పు వేసి, మీల్ మేకర్‌ను 5 నుంచి 10 నిమిషాలు ఉడికించండి. వేడి నీళ్లలో ఊరికే ముంచి తీస్తే ముక్క లోపల గట్టిగానే ఉంటుంది.
2. ఆ నీళ్లు పారబోయండి. గ్యాస్ కలిగించే చక్కెరలు కొంతవరకు ఆ నీళ్లలోకి దిగుతాయి. వాటినే గ్రేవీకి వాడొద్దు.
3. చల్లటి నీళ్లలో వేసి గట్టిగా పిండండి. ఇలా రెండు మూడు సార్లు చేయండి. నురగ, పచ్చి వాసన పోయేదాకా కడిగితే చాలు.
4. పెద్ద ముక్కలైతే రెండుగా కోయండి. మసాలా లోపలికి పడుతుంది, నమలడం తేలికవుతుంది. నమలకుండా మింగితే అజీర్తి ఖాయం.
5. తాలింపులో అల్లం, జీలకర్ర, ఇంగువ, వాము వేసుకోవడం మన ఇళ్లలో పాత అలవాటే. అది కొనసాగించండి.
6. దించే ముందు నిమ్మకాయ పిండండి. ఇది రుచి కోసమే కాదు, ఐరన్ కోసం కూడా. ఎందుకో కింద చెబుతాం.
7. నానబెట్టిన ముక్కలను గంటల తరబడి బయట ఉంచొద్దు. మన ఎండలకు తొందరగా పాడవుతాయి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మరుసటి రోజే వాడేయండి.

రక్తహీనత ఉన్నవాళ్లకు మంచిదేనా?

2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మీల్ మేకర్ ప్యాకెట్ మీద చూస్తే ఐరన్ బాగానే కనిపిస్తుంది. కానీ ఉన్నదంతా ఒంటికి పట్టదు. సోయాలోని ఫైటేట్లు ఐరన్, జింక్‌లను పట్టి ఉంచి, శరీరంలోకి వెళ్లకుండా అడ్డుపడతాయి.

దీనికి తేలికైన ఉపాయం నిమ్మకాయ, టమాటా, ఉసిరి. వీటిలోని విటమిన్ సి ఐరన్ ఒంటికి పట్టేలా చేస్తుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మాత్రం మానుకోవాలి. టీ కూడా ఐరన్‌కు అడ్డే. కనీసం గంట ఆగండి. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు వాడుతున్న గర్భిణులు మీల్ మేకర్ తింటున్నాం కదా అని మాత్రలు మానేయొద్దు. కూర మాత్రకు బదులు కాదు.

గుండెకు, షుగర్‌కు మేలు చేస్తుందా?

అమెరికా ఎఫ్‌డీఏ 1999లో ఒక నిర్ణయం తీసుకుంది. కొవ్వు తక్కువగా ఉన్న ఆహారంలో భాగంగా రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీన్ తీసుకుంటే గుండె జబ్బుల ముప్పు తగ్గొచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అనుమతిచ్చింది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ఫలితాలు ఒకేలా లేవంటూ 2017లో ఆ అనుమతిని వెనక్కి తీసుకోవాలని తనే ప్రతిపాదించింది. 2019లో 46 పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణలో చెడు కొలెస్ట్రాల్ 3 నుంచి 4 శాతం తగ్గినట్టు తేలింది. అంటే లాభం ఉంది, కానీ చిన్నదే. గుండెకు మందు అనుకుంటే మాత్రం పొరపాటు.

షుగర్ ఉన్నవాళ్లు అన్నం తగ్గించి, ఆ చోట మీల్ మేకర్ కూర, కూరగాయలు పెంచితే తిన్న తర్వాత షుగర్ ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది. అన్నం అంతే పెట్టుకుని, దాని మీద ఇది అదనంగా తింటే ఉపయోగం లేదు. ఇక మీల్ మేకర్ మంచూరియా లెక్కే వేరు. మైదా, కార్న్‌ఫ్లోర్ పట్టించి, మరిగే నూనెలో వేయించి, సాస్‌లు పోసి ఇస్తారు. అసలు మీల్ మేకర్‌లో కొవ్వు చాలా తక్కువ. మంచూరియాలో అది నూనె పీల్చుకునే స్పాంజిలా మారుతుంది. దాన్ని హెల్దీ ఫుడ్ ఖాతాలో వేయొద్దు.

థైరాయిడ్ ఉంటే తినకూడదా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు సోయా వల్ల థైరాయిడ్ వస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. 2006లో 14 పరీక్షలను సమీక్షించిన పరిశోధకులు, ఆరోగ్యవంతుల్లో థైరాయిడ్ పనితీరు మీద సోయా ప్రభావం దాదాపు లేదనే తేల్చారు. అయోడిన్ తగినంత అందడం మాత్రం ముఖ్యం. కాబట్టి అయోడిన్ ఉప్పే వాడండి.

అసలు సమస్య మాత్రలతో వస్తుంది. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ లాంటి పేర్లతో దొరికే లెవోథైరాక్సిన్ మాత్ర పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లకుండా సోయా కొంత అడ్డుకుంటుంది. మాత్ర రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ తగ్గడం లేదంటే ఇదీ ఒక కారణం కావచ్చు. అందుకే పొద్దున పరగడుపున మాత్ర వేసుకుంటే మీల్ మేకర్‌ను మధ్యాహ్నమో రాత్రో తినండి. కనీసం 4 గంటల తేడా ఉండాలి. సోయా తినడం కొత్తగా మొదలుపెట్టినా, బాగా పెంచినా డాక్టర్‌కు చెప్పండి. మాత్ర డోసు మీరే మార్చుకోవద్దు.

మగవాళ్లు తింటే హార్మోన్లు తగ్గిపోతాయా?

సోయాలో ఐసోఫ్లేవోన్లు ఉంటాయి. వీటి ఆకారం ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను కొంత పోలి ఉంటుంది. పుకారు మొదలైంది ఇక్కడే. కానీ శరీరంలో ఇవి ఈస్ట్రోజెన్‌లా అంత బలంగా పనిచేయవు. 2021లో 41 అధ్యయనాలను కలిపి విశ్లేషిస్తే, సోయా తిన్న మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గలేదు, ఈస్ట్రోజెన్ పెరగలేదు.

మరి భయపెట్టే కథలు ఎక్కడి నుంచి వచ్చాయి? 2008లో అమెరికా డాక్టర్లు ఒక కేసు గురించి రాశారు. 60 ఏళ్ల వ్యక్తికి ఛాతీ వాచింది. ఆయన రోజుకు దాదాపు మూడు లీటర్ల సోయా పాలు తాగేవాడని తేలింది. మానేశాక తగ్గిపోయింది. మూడు లీటర్ల పాలకూ, వారంలో మూడుసార్లు తినే కూరకూ పోలికే లేదు. ఏదైనా అతిగా తింటే అనర్థమే.

రొమ్ము క్యాన్సర్ విషయంలోనూ ఇలాంటి భయమే ఉంది. సోయాను ఆహారంగా తినడం ప్రమాదకరం కాదని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చెబుతోంది. అయితే ఐసోఫ్లేవోన్ మాత్రలు, పొడుల విషయం వేరు. చికిత్సలో ఉన్నవాళ్లు తమ డాక్టర్‌ను అడక్కుండా అలాంటివి వాడొద్దు.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు: వీళ్లకు ప్రోటీన్, పొటాషియం ఎంత తినాలో డాక్టర్ లెక్క కట్టి చెబుతారు. మీల్ మేకర్‌లో రెండూ ఎక్కువే. అడగకుండా తినొద్దు.

కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు: రాళ్లలో ఎక్కువగా కనిపించేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. సోయా ఉత్పత్తుల్లో ఆక్సలేట్లు ఎక్కువని 2001లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. వాటిలో మీల్ మేకర్ లాంటి ముక్కలు ముందు వరుసలో ఉన్నాయి. ఇప్పటికే రాళ్లు వచ్చినవాళ్లు తగ్గించడమే మంచిది.

ఐబీఎస్ ఉన్నవాళ్లు: తరచూ కడుపునొప్పి, ఒకరోజు విరేచనాలు, ఒకరోజు మలబద్ధకం ఉండేవాళ్లకు సోయా ఇబ్బంది పెంచొచ్చు. తింటే పడటం లేదని తెలిస్తే బలవంతంగా తినొద్దు.

అలర్జీ ఉన్నవాళ్లు: ప్యాకెట్ మీద తప్పనిసరిగా ప్రకటించాల్సిన అలర్జీ పదార్థాల జాబితాలో ఎఫ్ఎస్ఎస్ఏఐ సోయాను కూడా చేర్చింది. తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదాల వాపు, ఊపిరాడకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

చిన్నపిల్లలు: స్పాంజిలాంటి పెద్ద ముక్క గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. మెత్తగా ఉడికించి, సన్నగా తరిగి పెట్టండి.

తరచుగా అడిగే ప్రశ్నలు

రోజూ తినొచ్చా?
25 నుంచి 30 గ్రాముల దాకా అయితే ఆరోగ్యవంతులకు ఇబ్బంది లేదు. కానీ రోజూ ఇదొక్కటే కాకుండా కందిపప్పు, పెసర్లు, శనగలు, గుడ్డు, పెరుగు, చేపలు మార్చి మార్చి తినడం మేలు. మీల్ మేకర్‌లో విటమిన్ బీ12 సహజంగా ఉండదు. పూర్తి శాకాహారులు పాలు, పెరుగు మానొద్దు.

రాత్రిపూట తింటే?
తినొచ్చు. పడుకునే ముందు కాకుండా రెండు గంటల ముందే తినండి. గ్యాస్ సమస్య ఉన్నవాళ్లు మధ్యాహ్నం తింటేనే మంచిది.

ప్రోటీన్ పౌడర్ బదులు ఇది తినొచ్చా?
కండల కోసం ప్రోటీన్ పౌడర్లు వాడొద్దనే ఎన్ఐఎన్ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేల రూపాయలు డబ్బాల మీద పోసే బదులు గుడ్లు, పప్పులు, మీల్ మేకర్‌తో ఇంటి భోజనంలోనే ప్రోటీన్ పెంచుకోవచ్చు.

కొనేటప్పుడు ఏం చూడాలి?
ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్, తయారీ తేదీ, గడువు తేదీ చూడండి. లూజ్‌గా కొంటే ఒకసారి వాసన చూడండి. ముక్కవాసన వచ్చినా, తేమగా ఉన్నా, పురుగు కనిపించినా కొనొద్దు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?
గ్యాస్ సాధారణంగా ఒకరోజులో తగ్గిపోతుంది. మీల్ మేకర్ మానేసినా రెండు వారాలకు పైగా ఉబ్బరం ఉన్నా, మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా 'గ్యాసే కదా' అని మెడికల్ షాపులో మాత్రలు మింగుతూ కూర్చోవద్దు. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా ఉంది. ఏం తింటున్నారో, ఏ మాత్రలు వాడుతున్నారో అన్నీ డాక్టర్‌కు చెప్పండి.

మొత్తానికి మీల్ మేకర్ విషమూ కాదు, అమృతమూ కాదు. తక్కువ ఖర్చులో దొరికే మంచి ప్రోటీన్. ఉడికించి, పిండి, కడిగి, కొలత ప్రకారం తింటే ఒంటికి మేలే. మాత్రలు వాడేవాళ్లు మాత్రం టైమ్ చూసుకోవాలి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. దీర్ఘకాలిక జబ్బులు ఉన్నవాళ్లు, గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు ఆహారంలో మార్పులు చేసుకునే ముందు వైద్యుల సలహా తీసుకోవాలి.